చివరి పాట తెగిన చోటు

వెబ్ పత్రిక నడిపే సంపాదకుడొకాయన నన్నొక రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ మీద రాయమన్నాడు. మా అమ్మకి ఇంకా పెళ్ళికాని రోజుల్లో నలుగురు తెల్ల కుర్రాళ్ళు చేసిన రికార్డు అది. ఇప్పుడు దాన్ని శుభ్రం చేసి, మెరుగులు దిద్ది, కొత్త అట్టపెట్టెలో పెట్టి మళ్ళీ విడుదల చేశారట. పాటపాటకీ నాలుగు మాటలు రాయాలి, చివర్లో అయిదు చుక్కల్లో ఎన్ని ఇస్తానో చెప్పాలి. నేను బళ్ళారిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఇలాంటివి రాస్తుంటాను. చుక్కలిచ్చే పని నాకు మొదట్నుంచీ చిరాకు. వడ్ల బస్తాకి రకం కట్టినట్టు పాటకి రకం కట్టడమేమిటని ప్రతిసారీ గొణుక్కుంటాను, ప్రతిసారీ కట్టి పంపుతాను. ఈసారి మాత్రం కూర్చున్నానే గాని చెయ్యి కదల్లేదు.

ఎందుకంటే ఆ ఆల్బమ్‌ని నేను చాలా ఏళ్ళు తప్పుగా విన్నాను. లోకమంతటికీ అది రెండు పుల్లలు టకటకమని కొట్టుకున్న చప్పుడుతో మొదలవుతుంది. మాకు మాత్రం వినాయకుడి స్తోత్రంతో మొదలయ్యేది.

అన్న బళ్ళారిలో డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్లో అతని గదిలో గోవా కుర్రాడొకడు ఉండేవాడు. ఆ బ్యాండు ఒరిజినల్ కేసెట్టు అతనిది. అప్పుడప్పుడు మొదటి పాటలు నాలుగూ వినిపించేవాడట, అంతలో వార్డెను వచ్చి ఆపించేవాడట. చదువు అయిపోయి అతను సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాడనగా, అన్న ఆ కేసెట్టు బతిమాలి తీసుకుని బెంగళూరు రోడ్డులోని రికార్డింగ్ షాపుకి పరిగెత్తాడు. అప్పట్లో ఖాళీ కేసెట్టు ఇచ్చి ఏ పాటలు కావాలో చెబితే నింపిచ్చే షాపులు వీధికొకటి ఉండేవి. ఈ షాపాయన మహా భక్తుడు. సినిమా పాటలైనా, హరికథైనా, ఇంగ్లిష్ కేకలైనా సరే, వినాయకుడు లేకుండా ఏ కేసెట్టూ మొదలుపెట్టేవాడు కాదు. ఆ రోజు శుక్రవారం కూడా కావడంతో రెండో వైపు మొదట్లో లక్ష్మీ స్తోత్రం ఎక్కించాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. ఆయన షాపు పద్ధతి అది.

లక్ష్మీ స్తోత్రం తీరిగ్గా సాగింది. దాంతో రెండో వైపు పాటలన్నిటికీ టేపు చాల్లేదు. చివరి పాట చివర్లో డ్రమ్ములు దడదడమని మోగి, ఇంకా ఏదో జరగబోతోంది అనుకునేసరికి టక్కున తెగిపోయేది. అన్న ఇంటికొచ్చి విన్నాక గాని ఆ సంగతి తెలియలేదు. అప్పటికి గోవా కుర్రాడు తన కేసెట్టుతో సహా రైల్లో ఉన్నాడు.

మాది బళ్ళారి దగ్గరి ఎమ్మిగనూరు. కాలవ కింద వరి. నా కాలేజీ చదువు కోసం అమ్మ, అన్న, నేను బళ్ళారిలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. నాయన పొలం చూసుకుంటూ వచ్చి పోతుండేవాడు. ఆ అద్దె ఇంట్లో సాయంత్రం పూట మా వినోదమంతా ఆ కేసెట్టే. దాన్ని తలచుకుంటే నాకు ముందు వినిపించేది చివరి పాట తెగిన టక్కు. ఆ తర్వాత ఏమై ఉంటుందని అన్నా నేనూ పందేలు వేసుకునేవాళ్ళం. గాయకుడు గొంతు చించుకుని ఇంకోసారి అరుస్తాడని అన్న అనేవాడు. మొదటి పాట వరస తిరిగొస్తుందని నేను వాదించేదాన్ని. అంత కొట్టుకున్నాక అలిసిపోయి పడుకుని ఉంటారని అమ్మ అనేది.

సంపాదకుడు పాటపాటకీ అడిగాడు కాబట్టి చెబుతాను. మొదటి పాటలో గిటారు గొప్పదేం కాదు. గాయకుడి గొంతు అప్పటికింకా పచ్చిగా ఉంది, ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలియక మాట మధ్యలో పీల్చేస్తాడు. ఆ పాటని నిలబెట్టింది డ్రమ్మరు. పుల్లల టకటక అయిపోగానే డ్రమ్ముల పక్కన నిలబెట్టే పెద్ద ఇత్తడి తాళాన్ని పైపైన తాకుతూ పాటంతా నడిపిస్తాడు. అన్నకి ఆ తాళమంటే ప్రాణం. ఎవరైనా ఇంటికొస్తే చాలు, కేసెట్టు పెట్టి, వాళ్ళకి ఇంగ్లిష్ ముక్క రాకపోయినా సరే, ఆ తాళం వినండి, చాటలోంచి ఇసక జారినట్టు లేదా అని అడిగేవాడు. వచ్చినవాళ్ళు మొహమాటానికి అవునవును అని కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు.

రెండో పాట, మూడో పాట ఒకదానికొకటి అతికించినట్టుంటాయి. నాలుగోది ఆల్బమ్‌లో ఉండాల్సింది కాదు. అయిదో పాటకి ముందు మాకు లక్ష్మీ స్తోత్రం వచ్చేది కాబట్టి, ఇప్పటికీ ఆ పాట మొదలవగానే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఇది సమీక్షకి పనికొచ్చే మాట కాదని తెలుసు.

ఆ తర్వాత మైన్సు రోజులు వచ్చాయి. చైనావాళ్ళు మన ఎర్రమట్టిని ఓడలకి ఓడలు కొంటున్నారని ఊరంతా ఒకటే మాట. హొసపేట రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు చీమల బారులా నిలబడేవి. పైన హెలికాప్టర్లు తిరిగేవి. దేశనూరులో వడ్ల వ్యాపారం చేసే మా బంధువొకాయన పొద్దు తిరిగేసరికి టిప్పర్ల ఓనరయ్యాడు. అన్నకి ఖనిజం రాళ్ళని పగలగొట్టే క్రషర్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని కంపెనీ జీపులో వెళ్ళి, చీకటి పడ్డాక తల నుంచి కాలిదాకా ఎర్రగా తిరిగొచ్చేవాడు. అమ్మ వాకిట్లోనే బకెట్టు నీళ్ళు పెట్టేది. ఆరేసిన చీరలు ఎర్రగా, పెరుగు మీద కప్పిన గుడ్డ ఎర్రగా, నా పుస్తకాల అంచులు ఎర్రగా ఉండేవి. ఆ రోజుల్లో ఏది పాడైనా కారణం ఒకటే. ఫ్యాన్ ఆగిపోతే ధూళి, దగ్గొస్తే ధూళి, గడియారం వెనకబడితే ధూళి. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే మేము మోసపోయాం.

క్రషర్‌కి వెళ్ళడం మొదలైన కొన్నాళ్ళకి టేపు మసకబారిందని అన్న అనడం మొదలుపెట్టాడు. మొదటి పాటలో తాళం సరిగ్గా వినిపించడం లేదట. గుడ్డ కప్పి కొట్టినట్టుందట. నాకు బాగానే వినిపిస్తోందని ఒకటి రెండుసార్లు అన్నాను. నీకు తేడా తెలీదులే పాపా, అనేశాడు. తేడా చెప్పడంలో అతనే నాకు గురువు కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

ఆదివారం వస్తే చాలు, టేపురికార్డరు మూత విప్పి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేపు రాసుకుపోయే ఆ చిన్న ఇనుప ముక్కని తుడిచేవాడు. దూది ఎర్రగా వచ్చేది. దాన్ని మాకు చూపించి, చూసినారా, మైన్సంతా దీంట్లోనే ఉండాది, అనేవాడు. అమ్మ, నేను ఆ దూదిని చూసి నిజమేనని తలాడించేవాళ్ళం. తుడిచాక కేసెట్టు పెట్టి విని, కొంచెం మేలు అనేవాడు. మళ్ళీ ఆదివారానికి మళ్ళీ మసకే.

నిజానికి ఆ కేసెట్టు టేపు మీద పూత కూడా ఇనుప తుప్పే. ఏ ఊళ్ళో తుడిచినా దూది ఆ రంగులోనే వస్తుంది. ఈ సంగతి నాకు తెలిసింది ఈ వ్యాసం కోసం పాత కేసెట్ల గురించి చదువుతున్నప్పుడు. ఇంకో ఊళ్ళో అయితే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. బళ్ళారిలో ఎర్రగా ఏది కనిపించినా అది మైన్సు నుంచే వచ్చిందని పసిపిల్ల కూడా చెప్పేది.

అమ్మకి ముందు అనుమానం వచ్చింది. అన్న టీవీ పెట్టాడంటే పక్కింటివాళ్ళు మా ఇంట్లోనే సినిమా చూసినట్టుండేది. వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు, ఎదురొచ్చి పిలిస్తే పలికేవాడు. మాట్లాడితే అరిచినట్టుండేది. క్రషర్ మగవాళ్ళంతా అలాగే అరిచేవాళ్ళు. హోటల్లో కూర్చుని టీ కావాలని చెప్పినా పోట్లాటలా వినిపించేది. కొత్తగా డబ్బు చూసిన పొగరని ఊళ్ళోవాళ్ళు మూతి విరిచేవాళ్ళు. పొగరు కాదని వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి ఎప్పుడు అర్థమైందో నాకు తెలియదు.

అమ్మ పోరు పడలేక అన్న కౌల్ బజారుకి వెళ్ళి చెవులు శుభ్రం చేసే సాయిబుకి చూపించుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన ఎర్ర టోపీలో గుచ్చిన సన్నటి పుల్ల తీసి, అన్న తలని ఒళ్ళోకి వంచి, చెవిలోంచి గుబిలి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. అది కూడా ఎర్రగానే ఉంది. పూరా మైన్సు భాయ్, అన్నాడు సాయిబు. అన్న నవ్వుతూ నా వైపు చూశాడు. దారంతా చెవులు తేలికైపోయాయని, ఆకు కదిలినా వినిపిస్తోందని చెప్పాడు. ఆ సాయంత్రం కేసెట్టు పెట్టాడు. తాళం రాలేదు. ఇంక ఇది టేపు రోగమేనని తేల్చేశాడు.

ఆ ఏడు నాకు బెంగళూరులో బ్యాంకు ఇంటర్వ్యూ పడింది. నేను బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం అమ్మ అన్నం వడ్డిస్తూ మళ్ళీ అదే మాట ఎత్తింది.

"చెవి డాక్టరు కాడికి ఒకసారి పోరా నాయనా. ఆ రాళ్ళ మిషను కాడ నిలబడొద్దురా. ఉన్నదన్నా మిగుల్తాది."

అన్న కంచంలోంచి తలెత్తాడు. కోపంగా లేడు, కాని ఇంక ఈ గొడవ ఇవాళ్టితో తేలిపోవాలన్నట్టున్నాడు.

"పాప ఎట్లాగూ బెంగళూరికి పోతాండాది. అదే పాటలు కొత్త సీడీలో తెస్తాది. దాంట్లో ధూళి ఉండదు గదా. దాంట్లో గూడా మసకగా ఉండాదంటే నా చెవులు పోయినట్టే. ఆ పొద్దే క్రషర్ మానేస్తా. నీ మీద ఒట్టు మా."

అమ్మకి అంతకన్నా పెద్ద మాట అక్కర్లేదు. బెంగళూరు బస్సులో నేను ఇంటర్వ్యూ గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. సీడీలో తాళం అన్నకి వినిపించాలని ఒకసారి, వినిపించకపోతేనే మంచిదేమో, కనీసం క్రషర్ మానేస్తాడని ఒకసారి అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత అసహ్యం కూడా పోయి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సీడీ దొరికింది. అట్ట మీద ఆ నలుగురూ ఏదో మూసేసిన దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అన్నేళ్ళు విన్నాక వాళ్ళ మొహాలు చూడటం అదే మొదలు. డ్రమ్మరు ఎవరో గుర్తుపట్టాలని చూశాను, అందరూ ఒకేలా ఉన్నారు. ఇంట్లో అందరం కలిసి వినాలని సీలు కూడా విప్పలేదు. అన్న ఈలోపు సీడీలు పాడే కొత్త సెట్టు తెచ్చి పెట్టాడు. ముందుభాగంలో పాట ఎంతసేపు నడిచిందో చూపించే పచ్చ అంకెలున్నాయి.

ఆదివారం పొద్దున. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. అన్న సెట్టుకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను సీడీ పెట్టాను. వినాయకుడు రాకుండానే పుల్లల టకటక వచ్చేసింది. అలా మొదలవడం నాకు ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లోకి పిలవకుండా వెళ్ళినట్టు అనిపించింది. తర్వాత తాళం వచ్చింది. అంత తేటగా నేనెప్పుడూ వినలేదు. ఇసక చాటలోంచి కాదు, నా చేతుల్లోంచే జారుతున్నట్టుంది. నేను అన్న మొహమే చూస్తున్నాను. అతను కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు.

పాట అయిపోయాక కళ్ళు తెరిచి, ఎంత బాగుండాదో, కొత్తది కొత్తదే, అన్నాడు. అమ్మ చాట దించి నా వైపు చూసింది. ఆవిడ మొహం విచ్చుకుంది. తాళం సంగతి అన్న ఎత్తలేదని నేను గమనించాను. అడగలేదు. బాగుందన్నాడు కదా, దాన్ని అలాగే ఉండనిద్దామనుకున్నాను. రెండో పాట, మూడో పాట నడిచాయి. నాలుగోదాన్ని ఎప్పట్లాగే ఇద్దరం తిట్టుకున్నాం. అయిదో పాట ముందు లక్ష్మి రాకపోతే అన్న పెద్దగా నవ్వాడు. ఆరు, ఏడు పాటల్లో బ్యాండు నిజంగా బ్యాండైంది, అంతకుముందుదాకా నలుగురు మనుషులే. అన్న తొడ మీద దరువేస్తూ ఒక్క దెబ్బ తప్పలేదు. నాకు భయం తగ్గిపోయింది. క్రషర్ మానడనే దిగులు కూడా ఆ కాసేపు గుర్తురాలేదు.

చివరి పాట మొదలైంది. ఇద్దరం సెట్టుకి దగ్గరగా జరిగాం. ఇన్నేళ్ళ పందెం ఇవాళ తేలిపోతుంది. పాట పెరిగి పెరిగి, డ్రమ్ములు దడదడమని మోగి, మా టేపు తెగిన చోటికే వచ్చి ఆగిపోయాయి.

అన్న ఒక్క క్షణం ఎదురుచూశాడు. తర్వాత విరగబడి నవ్వాడు.

"ఇదేంది పాపా, దీంట్లో గూడా ఈడికే తెగింది. ఈళ్ళు గూడా లక్ష్మీ స్తోత్రం ఎక్కించినట్టుండారే."

పాట తెగలేదు. డ్రమ్ములు ఆగిన చోటు నుంచి ఇంకేదో మొదలైంది. సన్నగా, చాలా నెమ్మదిగా, వినాలంటే ఊపిరి బిగపట్టాల్సినంత మెల్లగా నడుస్తోంది. అమ్మ చాట మీద వేళ్ళు ఆపేసి, తల పక్కకి వంచి వింటోంది. ఇంగ్లిష్ పాటని అమ్మ అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు.

అన్న సీడీ తీయడానికి చెయ్యి చాపాడు. చెయ్యి సెట్టు దాకా వెళ్ళి ఆగింది. పచ్చ అంకెలు మారుతున్నాయి. అతను అంకెల్ని చూశాడు. అమ్మని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని తీసేయడం మర్చిపోయినట్టున్నాడు.

"ఇంకా వస్తాండాదా?"

"వస్తాండాదిన్నా."

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ముగ్గురం అలాగే కూర్చున్నాం. అమ్మా నేనూ పాట వింటున్నాం, అన్న అంకెలు చూస్తున్నాడు. అవి ఆగిపోయేదాకా చూశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

లేచి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు. అమ్మ చాట ముందుకి లాక్కుని మళ్ళీ రాళ్ళేరడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు. రావాలి కదా అని మాత్రం అనిపించింది. సీడీ తీసి, వేలిముద్రలు పడకుండా అంచులు పట్టుకుని, పెట్టెలో సర్దాను. అంత జాగ్రత్తగా ఎందుకు సర్దానో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున జీపు వచ్చి హారన్ కొట్టింది. అన్న ఎర్ర చొక్కా తొడుక్కున్నాడు. అది ఒకప్పుడు తెల్ల చొక్కా. అమ్మ టిఫిన్ క్యారియర్ కట్టి చేతికిచ్చింది. ఒట్టు మాట అతను ఎత్తలేదు, అమ్మ ఎత్తలేదు, నేను ఎత్తలేదు. అమ్మ మీద వేసిన ఒట్టు తప్పితే అమ్మకి ఏదో అవుతుందని నమ్మే ఇల్లు మాది. అయినా అతను వెళ్ళాడు, ఆవిడ పంపింది. మానేస్తే తర్వాత ఏమిటో ఎవరికీ తెలియదు. కాలవ చివర్లో ఉన్న మా పొలానికి ఒక ఏడు నీళ్ళొస్తాయి, ఒక ఏడు రావు. ఆ రోజుల్లో మైన్సు ఉద్యోగం వదిలేశానని ఎవరైనా చెబితే ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క ప్రశ్నకి నిజం చెప్పాల్సి వస్తుందనే అన్న మానలేదని నేను అనుకుంటాను.

ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి మాత్రం ఒప్పుకుని వచ్చాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయట నుంచి నేను చూస్తూనే ఉన్నాను. మొదట్లో చకచకా నొక్కాడు. తర్వాత చాలాసేపు బటన్ మీద వేలు పెట్టుకుని, బడిలో జవాబు తెలియని పిల్లాడిలా మా వైపే చూస్తూ ఉన్నాడు. పోయిన సన్న చప్పుళ్ళు తిరిగి రావని, ఉన్నవి కాపాడుకోవాలంటే ఆ మోతకి దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు. సరే సార్ అన్నాడు అన్న. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు కొనుక్కున్నాడు. వాటిని పెట్టుకుంటే ఎవరైనా అరిచింది వినిపించక రాయి మీద పడుతుందని క్రషర్‌లో ఎవరూ పెట్టుకునేవాళ్ళు కారు. కొన్నాళ్ళకి ఆ బిరడాలు అలమరలో సబ్బు పెట్టె పక్కన చేరాయి.

ఈ నెలాఖరుకి మానేస్తా, వచ్చే నెలకి మానేస్తా అని అప్పుడప్పుడు తనలో తను అనుకున్నట్టు అనేవాడు. మేము ఊఁ కొట్టేవాళ్ళం. చివరికి కోర్టు ఆర్డరొచ్చి మైన్సన్నీ ఆగిపోయాకే అతనూ ఆగాడు. లారీలు లేవు, క్రషర్లు లేవు. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందోనని జనం వీధుల్లో నిలబడి చెప్పుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎలా ఉందని అన్న నన్ను అడిగాడు. బాగుంది అన్నాను.

ఆ కేసెట్టుని గాని, సీడీని గాని మేమిద్దరం మళ్ళీ పెట్టలేదు. పెట్టొద్దని ఎవరూ అనలేదు.

ఇప్పుడతను ఎమ్మిగనూరులో వరి చూసుకుంటున్నాడు. చెవి మిషను ఉంది, జేబులో ఉంటుంది. పెట్టుకుంటే మాటలు బాగానే వినిపిస్తాయట గాని, గుళ్ళో భజన తాళం రేకు మీద మేకుతో గీసినట్టు వస్తుందట. ఇంతకాలం మనసులో ఉన్న ఆ పాట తాళం కూడా దాంతో పాడైపోతుందని భయమట. నేను ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేట్టు మాట్లాడితే చాలు.

సంపాదకుడి మాట చెప్పడానికి కిందటి వారం ఊరెళ్ళాను. పొలం గట్టు మీద కూర్చుని, ఆ ఆల్బమ్ మళ్ళీ వచ్చింది, దాని మీద రాయమన్నారు, నీకు ఇష్టం లేకపోతే రాయను, అని చెప్పాను. అతను కాలవ వైపు చూశాడు. ఎన్ని చుక్కలిస్తావని అడిగాడు. తెలీదన్నాను. నాలుగో పాటని మాత్రం ఏకిపారేయమన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రాయి పాపా. ఆ చివర ఏముండాదో అది గూడా రాయి. నేను చదువుకుంటా."

ఇన్నేళ్ళలో అతను ఆ మాట అడగలేదు, నేను చెప్పలేదు. నేను తలూపాను. ఇంటికొచ్చి కొత్త ముద్రణలో ఆ చివరి పాట ఒక్కటే పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ విని, కాగితం ముందేసుకున్నాను. చుక్కలు సంపాదకుడు తనకి తోచినన్ని వేసుకోవచ్చు. నేను రాయాల్సింది ఇంత.

చివరి పాటలో డ్రమ్ములు దడదడమని మోగి, మన టేపు తెగిన చోటే ఆగిపోతాయి. గాయకుడు మళ్ళీ అరవడు అన్నా, నువ్వు పందెం ఓడిపోయావు. మొదటి పాట వరస కూడా తిరిగి రాదు, నేనూ ఓడిపోయాను. గిటారులో అన్నిటికన్నా సన్న తీగ ఒక్కటే మోగుతుంది, తొందరేమీ లేకుండా, ఒకే చోట తిరుగుతూ. దాని వెనకాల డ్రమ్మరు ఆ ఇత్తడి తాళాన్ని, మొదటి పాటలో నీకిష్టమైన ఆ తాళాన్నే, పుల్ల చివరతో తాకుతుంటాడు. చాటలోంచి ఇసక జారినట్టే ఉంటుంది, నువ్వన్నది సరిగ్గానే అన్నావు. మధ్యలో ఒక కుర్చీ కిర్రుమంటుంది. ఎవరో ఊపిరి వదులుతారు. కాసేపటికి తీగ ఆగిపోతుంది, తాళం ఒక్కటే మిగులుతుంది. అది తగ్గుతూ తగ్గుతూ పోతుంది. ఎక్కడ ఆగుతుందో చెబుదామని చాలాసార్లు విన్నాను. నాకూ వినిపించలేదు.